బైబిలులో గ్రంథం, లేఖనం – ఒక పరిశీలన

దివ్య ఖుర్ఆన్ యూదులను, క్రైస్తవులను 'అహ్లె కితాబ్' అని పిలుస్తుంది. అంటే గ్రంథప్రజలు. ఈ పిలుపులో గౌరవం ఉంది, బాధ్యతను గుర్తుచేయడం ఉంది, అక్కడక్కడ మందలింపు కూడా ఉంది. అయితే ఆ ప్రజల చేతిలో ఉన్న గ్రంథం 'గ్రంథం' అనే వస్తువును గురించి స్వయంగా ఏమంటున్నది అనే ప్రశ్న ముస్లిం పాఠకుల మధ్య అరుదుగా వినవస్తుంది. ప్రవక్తల వృత్తాంతాలను రెండు గ్రంథాలలోనూ పోల్చి చూసిన రచనలు ఉన్నాయి. కాని రాతిపలకలు, తోలుచుట్టలు, లేఖకులు, ముద్రలు మొదలైన వాటికి బైబిలులో ఉన్న స్థానాన్ని నిదానంగా పరిశీలించిన సందర్భాలు తక్కువ.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఇది పండితులకే పరిమితమైన ప్రశ్న కాదు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోని చిన్న గ్రామం. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆ గ్రామాన్నే తన పీఠంగా చేసుకున్నాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కథెడ్రల్‌లో ముస్లిం, హైందవ, క్రైస్తవ నిర్మాణ రీతులు కలిసి కనబడతాయి. ఇటువంటి ప్రాంతంలో ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఇరుగుపొరుగున ఉండడం, పిల్లలు ఒకే బడిలో తెలుగు వాచకం చదవడం సహజం. మతసంభాషణ కూడా సహజమే. ఆ సంభాషణ వాదంగా మారినప్పుడు ముస్లిం పక్షం నుంచి తరచుగా ముందుకు వచ్చే ప్రమాణం ఒకటుంది. అది యిర్మీయా గ్రంథం 8వ అధ్యాయం 8వ వచనం. లేఖకుల కలం అబద్ధానికి పాల్పడిందని యిర్మీయా ప్రవక్త అక్కడ నిందిస్తాడు. "మీ గ్రంథమే మీ గ్రంథం మారిందని ఒప్పుకుంటున్నది" అని వాదించేవారు అంతటితో సంభాషణను ముగిస్తారు.

ఈ ముగింపు సరైనదేనా? ఆ ఒక్క వచనాన్ని దాని చుట్టూ ఉన్న గ్రంథంతో కలిపి చదివితే ఏం తెలుస్తుంది? ఈ పరిశీలనకు ఆధారం ఈ ప్రశ్నే.

సాక్షిగా నిలిచిన వ్రాత

బైబిలులో వ్రాయమన్న ఆజ్ఞ మొదటిసారిగా కనిపించేది నిర్గమకాండము 17:14లో. అమాలేకీయులతో యుద్ధం ముగిసిన తర్వాత, ఆ సంగతి జ్ఞాపకార్థంగా ఒక గ్రంథంలో రాసి యెహోషువకు వినిపించమని దేవుడు మూసా (అ)ను ఆదేశిస్తాడు. ఇక్కడ గమనించవలసినది, రాయడంతోనే పని పూర్తికాలేదు. రాసినదాన్ని ఒకరి చెవిలో వేయాలి. ఈ జంట క్రియ బైబిలు అంతటా కొనసాగుతుంది. అదే కాండం 24వ అధ్యాయంలో మూసా (అ) నిబంధన గ్రంథాన్ని ప్రజలకు చదివి వినిపిస్తాడు. విన్న ప్రజలు విధేయులమై ఉంటామని మాట ఇస్తారు. ఆ తర్వాతే నిబంధన స్థిరపడుతుంది. ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం ప్రకారం ధర్మశాస్త్రాన్ని ఏడేళ్లకొకసారి పర్ణశాలల పండుగనాడు పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు, చివరకు ఊరిలో ఉంటున్న పరదేశులకు కూడా చదివి వినిపించాలి. రాసిన ప్రతిని మందసం పక్కన ఉంచాలి. ఎందుకు? ప్రజల మీద సాక్షిగా నిలవడానికి.

రాజు విషయంలో మరొక నియమం ఉంది. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం ప్రకారం సింహాసనం ఎక్కిన రాజు ఆ ధర్మశాస్త్రానికి తనకోసం ఒక ప్రతి సిద్ధం చేసుకోవాలి, జీవితకాలమంతా దానిని చదువుతూ ఉండాలి. రాజు గ్రంథానికి యజమాని కాడు, దాని ముందు విద్యార్థి. ముందు రాబోయే ఇద్దరు రాజుల కథలను అర్థం చేసుకోవడానికి ఈ నియమమే కొలబద్ద.

రాతిపలకల వృత్తాంతం ముస్లిములకు సుపరిచితం. నిర్గమకాండము 32వ అధ్యాయంలో మూసా (అ) కొండ దిగివచ్చి, దూడ చుట్టూ చేరిన ప్రజలను చూసి పలకలను పగలగొడతాడు. 34వ అధ్యాయంలో మరో రెండు పలకలు చెక్కించి తిరిగి రాయడం జరుగుతుంది. సూరె అల్ ఆరాఫ్ (7:145–154)లో ఇదే ఘట్టం ఉంది. అక్కడ మూసా (అ) పలకలను కింద పడవేస్తారు, కోపం చల్లారాక వాటినే చేతికి తీసుకుంటారు. వాటి వ్రాతలో మార్గదర్శనం, కారుణ్యం ఉన్నాయని ఖుర్ఆన్ తెలుపుతుంది. పలకలు పగిలిన ప్రస్తావన అక్కడ లేదు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా విలువైనది. ఖుర్ఆన్ కథనంలో దృష్టి అంతా పలకలలోని సందేశం మీద ఉంది. బైబిలు కథనం పలక అనే వస్తువు కూడా పగలగలదని, దేవుని వేలితో రాయబడినదైనా మనిషి చేతిలో ముక్కలు కాగలదని, అయినా మాట తిరిగి రాయబడుతుందని చూపుతుంది. వస్తువు నశించడం, మాట తిరిగి రావడం అనే ఈ క్రమం ఆ తర్వాత మరల మరల కనిపిస్తుంది.

రాతి మీద చెక్కిన మాటకు ఉన్న బలం, పరిమితి ఈ ప్రాంతవాసులకు కొత్తకాదు. 2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019లో ములుగు జిల్లాలో చేరిన పాలంపేటలో రేచర్ల రుద్రుడు వేయించిన 1213 నాటి శాసనం నేటికీ నిలిచి ఉంది. దానశాసనాల చివర, దానాన్ని చెరిపినవారికి తగిలే పాపాన్ని చెప్పే శాపవాక్యాలు ఉండడం దక్షిణాదిలో పరిపాటి. ద్వితీయోపదేశకాండము 4:2లోనూ, ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలోనూ ఇటువంటి హెచ్చరికలే ఉన్నాయి: ఈ మాటలకు ఏమీ కలుపరాదు, వీటి నుంచి ఏమీ తీసివేయరాదు. కలిపేవారు, తీసివేసేవారు ఉంటారన్న భయం లేకపోతే ఇంత గట్టి హెచ్చరిక అవసరం ఉండదు. అంటే వ్రాతకు ఉన్న ప్రమాదం బైబిలు రచయితలకు తెలియనిది కాదు.

ఇద్దరు రాజులు, రెండు చుట్టలు

వ్రాతకు సంబంధించి బైబిలులోని అత్యంత ముఖ్యమైన రెండు ఘట్టాలు ఒక తండ్రికి, ఒక కొడుకుకు చెందినవి. ఇవి పరస్పరం ఎదురెదురుగా నిలుస్తాయి.

మొదటిది రెండవ రాజులు 22వ అధ్యాయం. యోషీయా రాజు పాలనలో 18వ సంవత్సరం, అంటే క్రీ.పూ. 622 ప్రాంతం. దేవాలయం మరమ్మతులు జరుగుతుండగా ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరుకుతుంది. షాఫాను అనే లేఖకుడు దానిని రాజు ముందు చదువుతాడు. విన్న రాజు తన వస్త్రాలు చింపుకుంటాడు. తమ పూర్వులు ఈ మాటలకు లోబడలేదని వాపోతాడు. హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు మనుషులను పంపి విచారిస్తాడు. తర్వాత ప్రజలందరినీ సమావేశపరచి గ్రంథాన్ని వినిపిస్తాడు. ఒక జాతికి ఆధారమైన గ్రంథం దేవాలయంలోనే ఉండి కూడా ఎవరికీ తెలియకుండా పోవడం ఎంత విచిత్రం! బైబిలు ఈ సంగతిని దాచిపెట్టలేదు, ప్రధాన ఘట్టంగా నిలబెట్టింది.

రెండవది యిర్మీయా 36వ అధ్యాయం. యోషీయా కుమారుడు యెహోయాకీము పాలనలో నాల్గవ సంవత్సరం, అంటే క్రీ.పూ. 605 ప్రాంతం. యిర్మీయా చెబుతుండగా బారూకు అనే లేఖకుడు ఒక చుట్టలో రాస్తాడు. మరుసటి ఏడు చలికాలంలో ఆ చుట్ట రాజు వద్దకు చేరుతుంది. రాజు కుంపటి ముందు కూర్చుని ఉంటాడు. మూడు నాలుగు పట్టీలు చదవగానే ఆ భాగాన్ని లేఖకుని చాకుతో కోసి నిప్పుల్లో వేస్తాడు. చుట్ట అంతా ఆవిధంగానే బూడిద అవుతుంది. అక్కడున్నవారిలో ముగ్గురు, కాల్చవద్దని రాజును బతిమాలుతారు. అతడు వినడు. తర్వాత యిర్మీయా మరొక చుట్ట తీసుకొని బారూకు చేత ఆ మాటలన్నీ తిరిగి రాయిస్తాడు. అటువంటి మాటలు మరెన్నో వాటికి చేరాయని అధ్యాయం ముగింపులో చెప్పబడింది.

ఈ రెండు కథలను కలిపే సూక్ష్మమైన దారాలు కొన్ని మూలభాషలోనే కనబడతాయి. హీబ్రూలో తండ్రి తన వస్త్రాలు 'చింపుకోవడానికి', కొడుకు చుట్టను 'చించడానికి' వాడినది ఒకే క్రియ. పైగా, రాజు గాని అతని సేవకులు గాని తమ వస్త్రాలు చింపుకోలేదని యిర్మీయా గ్రంథకర్త ప్రత్యేకంగా చెబుతాడు. తండ్రి కథ తెలిసిన శ్రోతకు ఆ మాటలోని నింద వెంటనే తగులుతుంది. కాల్చవద్దని బతిమాలిన ముగ్గురిలో ఒకడు గెమర్యా, షాఫాను కుమారుడు. దొరికిన గ్రంథాన్ని తండ్రి రాజుకు చదివి వినిపించాడు, కాలుతున్న గ్రంథాన్ని కొడుకు కాపాడబోయాడు. 1982లో జెరూసలేం పురాతన నగర భాగంలో జరిగిన తవ్వకాలలో "షాఫాను కుమారుడు గెమర్యా" అనే పేరు గల మట్టిముద్ర లభించింది. అది ఆనాటి లేఖకవర్గం ఉనికికి బలమైన ఆనవాలు.

లేఖకుని కలం – అబద్ధమా, అపార్థమా?

ఇప్పుడు యిర్మీయా 8:8ను చూడవచ్చు. ఆ వచనంలో లేఖకునికి వాడిన హీబ్రూ మాట 'సోఫేర్'. ఇదే మాట బారూకుకూ వర్తించింది, షాఫానుకూ వర్తించింది. రాజు చుట్టను కోసిన చాకు కూడా లేఖకుని చాకే. అంటే యిర్మీయా గ్రంథంలోనే లేఖకుని కలం అబద్ధమాడింది, లేఖకుని చాకు మాటను కోసింది, లేఖకుని చేయి ఆ మాటను తిరిగి నిలబెట్టింది. సాధనం ఒక్కటే, పట్టుకున్న చేయి వేరు. 8:8ను ఒక్కదానినే విడదీసి చూపేవారు యిర్మీయా చెప్పినదానిలో మూడవ వంతే చెబుతున్నారు.

తెలుగు బైబిలు పాఠకునికి ఇక్కడ మరొక చిక్కు ఉంది. వాడుకలో ఉన్న తెలుగు అనువాదంలో లేఖకులకు వచ్చిన మాట 'శాస్త్రులు'. కొత్త నిబంధనలో పరిసయ్యులతో పాటు వచ్చేవారు కూడా 'శాస్త్రులే'. తెలుగువానికి శాస్త్రి అంటే వేదశాస్త్రాలు చదివిన పండితుడు స్ఫురిస్తాడు గాని, చర్మపు చుట్టమీద కలంతో రాసే వృత్తివాడు స్ఫురించడు. 'తోరా'కు వచ్చిన 'ధర్మశాస్త్రము' అనే మాట కూడా మనుధర్మశాస్త్రం వంటి న్యాయగ్రంథాన్ని గుర్తుచేస్తుంది. హీబ్రూలో తోరా అంటే ప్రధానంగా ఉపదేశం, మార్గదర్శనం. తెలుగు అనువాదకులు పొరుగున ఉన్న సంప్రదాయం నుంచి మాటలు అరువు తెచ్చుకున్నారు. ఆ మాటలతో పాటు వాటి నీడలు కూడా వచ్చి చేరాయి.

అంతకంటె ముఖ్యమైన సంగతి, హీబ్రూ వచనం లేఖకుల కలం దానిని అబద్ధంగా 'చేసింది' అన్న అర్థం ఇస్తుంటే, తెలుగు అనువాదం అక్కడ 'అపార్థము' అనే మాటను వాడింది. అంటే కలం గ్రంథానికి తప్పు అర్థం చెప్పింది అని. అనువాదకుడు ఎరిగి చేశాడో ఎరుగక చేశాడో గాని, ఇస్లామీ పండితుల మధ్య శతాబ్దాలుగా ఉన్న చర్చలో ఒక పక్షం ఆ ఒక్క మాటలో వచ్చి కూర్చుంది.

ఆ చర్చ 'తహ్రీఫ్' గురించినది. గ్రంథప్రజలలో కొందరు మాటలను వాటి స్థానాల నుంచి తప్పించారని ఖుర్ఆన్ (4:46, 5:13) పేర్కొంటుంది. తమ చేతులతో గ్రంథం రాసి, కొద్దిపాటి లాభం కోసం అది దేవుని నుంచి వచ్చిందని చెప్పేవారిని సూరె అల్ బఖర (2:79) తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఈ తహ్రీఫ్ అక్షరాలలో జరిగిందా, అర్థంలో జరిగిందా? అందలూసియాకు చెందిన ఇబ్నె హజ్మ్ (మరణం 1064) గ్రంథపాఠమే మారిందని గట్టిగా వాదించాడు. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) తన తఫ్సీరులో, విరివిగా వ్యాపించిన గ్రంథంలో అక్షరాలు మార్చడం కష్టమన్న కోణాన్ని చర్చించి, అర్థాన్ని వక్రీకరించడమనే వ్యాఖ్య వైపు మొగ్గాడు. ఢిల్లీకి చెందిన షా వలియుల్లాహ్ (1703–1762) 'అల్ ఫౌజుల్ కబీర్'లో యూదుల తహ్రీఫ్ ప్రధానంగా తౌరాతు అనువాదంలో, వ్యాఖ్యానంలో జరిగింది గాని మూలపాఠంలో కాదని అభిప్రాయపడ్డాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మరొక అడుగు ముందుకు వేసి బైబిలుకు ఒక వ్యాఖ్యానమే ప్రారంభించాడు. 'తబ్యీనుల్ కలామ్' అనే ఆ రచన మొదటి భాగం 1862లో వెలువడింది. ఈ చర్చను ముగిసినదానిగా చూపి, ఒకే అభిప్రాయం ఇస్లాం అభిప్రాయమని చెప్పడం ముస్లిం విద్వత్తుకే అన్యాయం.

ఆధునిక పరిశోధన ఈ రెండు పక్షాలకూ పని కల్పించింది. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహలలో దొరికిన చుట్టలలో యెషయా గ్రంథం పూర్తి ప్రతి ఒకటి ఉంది. అంతకుముందు తెలిసిన హీబ్రూ ప్రతులకంటె అది సుమారు వెయ్యి సంవత్సరాలు పాతది. అక్షరాలలో, పదాలలో అనేక తేడాలు ఉన్నా గ్రంథం మొత్తం మీద అదే గ్రంథం. కాని యిర్మీయా విషయం వేరు. ప్రాచీన గ్రీకు అనువాదంలోని యిర్మీయా, హీబ్రూ పాఠంకంటె సుమారు ఎనిమిదవ వంతు చిన్నది, అధ్యాయాల వరుస కూడా వేరు. ఆ చిన్న పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ ముక్కలు కుమ్రాన్‌లో లభించాయి. అంటే ఒకే ప్రవక్త పేరిట రెండు పాఠాలు ఆనాడే వాడుకలో ఉన్నాయి. కాలిన చుట్ట తిరిగి రాయబడినప్పుడు మరెన్నో మాటలు చేరాయన్న 36వ అధ్యాయం ముగింపు ఈ వెలుగులో చదవవలసినది. అక్షరం ఎన్నడూ కదలలేదన్న క్రైస్తవ వాది, అంతా కల్పితమన్న ముస్లిం వాది, ఇద్దరూ ఆ చుట్టల ముందు ఆగవలసివస్తుంది. యాషారు గ్రంథం, యెహోవా యుద్ధముల గ్రంథం వంటి పేర్లను బైబిలే పేర్కొంటుంది. అవి నేడు లేవు. ఈ నష్టాన్ని కూడా అది మరుగుపరచలేదు.

కొత్త నిబంధన విషయంలో ముస్లిం పాఠకుడు మరొక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఈసా (అ)కు ఇవ్వబడినదిగా ఖుర్ఆన్ చెప్పే ఇంజీలు వేరు, ఆయనను గురించి ఇతరులు రాసిన నాలుగు సువార్తలు వేరు. లూకా తన గ్రంథం మొదట్లోనే, ఇదివరకు అనేకులు ఈ వృత్తాంతం రాయ పూనుకున్నారని, తాను విచారించి వరుసగా రాస్తున్నానని చెప్పుకుంటాడు. సువార్తలలో ఈసా (అ) గ్రంథకర్తగా కాక గ్రంథపాఠకునిగా కనిపిస్తారు. లూకా 4వ అధ్యాయంలో ఆయన నజరేతు సమాజమందిరంలో యెషయా చుట్టను విప్పి చదివి, చుట్టి ఇచ్చివేస్తారు. లూకా చెప్పుకోని హోదాను లూకాకు అంటగట్టి, ఆ హోదా లేదని ఖండించడం న్యాయమైన విమర్శ కాదు.

బమ్మెర నుంచి డోర్నకల్ దాకా

గ్రంథం నశించి తిరిగి నిలవడం పాలస్తీనా కథ మాత్రమే కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర, పోతన పేరుతో ముడిపడిన ఊరు. భాగవతాన్ని తనకు అంకితమివ్వలేదన్న కోపంతో సర్వజ్ఞ సింగభూపాలుడు దానిని భూమిలో పాతిపెట్టించాడని, బయటకు తీసేసరికి కొన్ని భాగాలు శిథిలమయ్యాయని ప్రచారంలో ఉన్న కథ. కథ చారిత్రకమా కాదా అన్నది వేరు సంగతి. కాని ఐదవ స్కంధాన్ని గంగన, ఆరవదానిని ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలను వెలిగందల నారయ పూర్తిచేశారన్నది గ్రంథంలోనే నిలిచి ఉన్న వాస్తవం. ఏ భాగం ఎవరిదో వారు దాచలేదు, పాఠకులూ మరువలేదు. రాజాగ్రహానికి లోనైన గ్రంథాన్ని చదివేవారి శ్రద్ధ నిలబెట్టిందన్న గాథ, యెహోయాకీము కథ వినే తెలుగువానికి మనసులో మెదలక మానదు.

తెలుగు బైబిలు చరిత్రలోనూ ఇటువంటి సన్నివేశం ఉంది. 18వ శతాబ్దంలో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోకుండా ఉండిపోయింది. 1805 నుంచి విశాఖపట్నంలో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన సహాయకునితో పని మొదలుపెట్టారు. ముగ్గురు సువార్తికుల గ్రంథాలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. అదే సంవత్సరం మార్చి 11న సీరాంపూరు ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయి అనేక భాషల అచ్చు అక్షరాలు, వ్రాతప్రతులు నాశనమయ్యాయి. కేరీ, అతని సహచరులు మళ్లీ మొదటినుంచి పనికి పూనుకున్నారు.

డోర్నకల్‌కు ఆ గ్రంథం చేరేనాటికి ఎదురైన ప్రశ్న వేరు. అజరయ్య కాలంలో క్రైస్తవం స్వీకరించిన గ్రామీణులలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు, అక్షరజ్ఞానానికి దూరంగా ఉంచబడినవారు. పుస్తకం ఉంది, చదవగలవారు లేరు. అందుచేత ప్రార్థనలు, ఆజ్ఞలు, ప్రవక్తల కథలు కంఠస్థం చేయించడం, తెలుగు కీర్తనలుగా పాడించడం మొదటి మెట్టు అయింది, బడి ఆ తర్వాతి మెట్టు. గ్రంథప్రజలు అనిపించుకోవడానికి ముందు వారు వినే ప్రజలయ్యారు. ద్వితీయోపదేశకాండము కోరిన క్రమం ఇదే.

ఖుర్ఆన్ విషయంలోనూ వినికిడికి, కంఠస్థానికే తొలి స్థానం. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు అనేకులు అమరులైనప్పుడు, ఉమర్ (ర) సూచన మేరకు ఖలీఫా అబూబక్ర్ (ర) ఆ పనిని జైద్ బిన్ సాబిత్ (ర)కు అప్పగించారు. ఖర్జూరపు మట్టలు, పలుచని రాళ్లు, మనుషుల హృదయాలు, ఇవీ ఆయన ఆధారాలు. తర్వాత ఉస్మాన్ (ర) కాలంలో పారాయణ భేదాలు తగవులకు దారితీస్తున్నప్పుడు ప్రామాణిక ప్రతులు రాయించి పంపి, మిగిలిన వాటిని కాల్చివేయించారు. యెహోయాకీము నిప్పు మాటను నోరెత్తకుండా చేయడానికి, ఉస్మాన్ (ర) నిప్పు మాట చీలిపోకుండా కాపాడడానికి. రెండూ మంటలే అయినా ఉద్దేశం వేరు. ఈ భేదాన్ని స్పష్టంగా వివరించగలగాలంటే ముస్లిం పాఠకునికి రెండు చరిత్రలూ తెలిసి ఉండాలి.

తెరవబడే గ్రంథం

బైబిలులో భూమిమీది గ్రంథాలతో పాటు దేవుని వద్ద ఉన్న గ్రంథం ప్రస్తావన కూడా ఉంది. దూడ ఘటన తర్వాత, ప్రజలను క్షమించకపోతే తన పేరును నీ గ్రంథం నుంచి తుడిచివేయమని మూసా (అ) వేడుకుంటాడు (నిర్గమకాండము 32:32). దానియేలు 7వ అధ్యాయంలో తీర్పు సభ కూర్చుంటుంది, గ్రంథాలు తెరవబడతాయి. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో మనుషుల క్రియలు రాసిన గ్రంథాలు, వాటితోపాటు జీవగ్రంథం విప్పబడతాయి.

ఇక్కడ రెండు గ్రంథాలూ చాలా దగ్గరగా వస్తాయి. ప్రతి మనిషి కర్మల చిట్టా ప్రళయదినాన అతని ముందు తెరచి ఉంచబడుతుందని, దానిని చదువుకోమని అతనికే చెప్పబడుతుందని సూరె బనీ ఇస్రాయీల్ (17:13–14) తెలుపుతుంది. కుడిచేతికి చిట్టా అందినవాడు సంతోషంతో దానిని ఇతరులకు చూపుతాడు, ఎడమచేతికి అందినవాడు అది అందకపోతే బాగుండునని విలపిస్తాడు (69:19–25). ఈ లోకంలో మనిషి గ్రంథాన్ని చదువుతాడు, ఆ రోజున గ్రంథం మనిషిని చదువుతుంది. గ్రంథంలో ఎవరు ఏం మార్చారు అన్న వాదం ఆ చిట్టా ముందు ముఖ్యం కాదు. అందిన మాటతో ఏం చేశావన్నదే ముఖ్యం.

చదివి, అర్థం చెప్పి

బైబిలులోని ఒక ఘట్టం తెలుగు ముస్లిములు ప్రత్యేకంగా చదవదగ్గది. అది నెహెమ్యా 8వ అధ్యాయం. చెర నుంచి తిరిగివచ్చిన ప్రజలు జెరూసలేంలో నీటి గుమ్మం ఎదుట సమావేశమవుతారు. ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రాన్ని చదువుతాడు. పురుషులు, స్త్రీలు, గ్రహించగల వారందరూ వింటారు. లేవీయులు ప్రజల మధ్య నిలిచి, చదివినదానికి అర్థం చెబుతారు. అర్థం తెలిసిన ప్రజలు ఏడుస్తారు. పవిత్రభాషలో చదవడం ఒక పని, ప్రజలకు తెలిసేలా అర్థం చెప్పడం మరొక పని. ఎజ్రా సభలో రెండూ జరిగాయి.

జనగామలోనో మహబూబాబాద్‌లోనో తెలుగు మాధ్యమంలో చదువుకున్న ముస్లిం బాలుడు మక్తబ్‌లో అరబీ అక్షరాలు నేర్చి ఖుర్ఆన్ పారాయణం చేస్తాడు. అది శుభప్రదమే. కాని అర్థం అతనికి ఏ భాషలో చేరుతుంది? ఉర్దూ లిపి అలవాటు లేని ఇళ్లలో ఆ అర్థం తెలుగులోనే రావాలి. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి అనువాదకునిగా పేరొందిన చిలుకూరి నారాయణరావు ముస్లిమేతర పండితుడు కావడం ఇక్కడ తలచుకోదగ్గది. ఆ తర్వాత ముస్లిం అనువాదకులు వచ్చారు, నేడు అనువాదాలు సులభంగా దొరుకుతున్నాయి. లేవీయుల పని చేసే పుస్తకాలు ఉన్నాయి, కూర్చుని వినే సభ కావాలి.

తౌరాతును మోయవలసినవారు దానిని మోయకపోతే, వారు పుస్తకాలు మోసే గాడిద వంటివారని సూరె అల్ జుముఅ (62:5) ఉపమానం చెబుతుంది. వాదాలలో ఈ ఉపమానాన్ని యూదులకు వర్తింపజేసి సంతోషించేవారున్నారు. కాని ఆ సూరా ముస్లిములను శుక్రవారం నమాజుకు పిలిచే సూరా, ప్రతి జుమానాటి శ్రోతకూ అది హెచ్చరికే. ఈ ఖుర్ఆన్‌ను తన జాతివారు వదిలివేసిన వస్తువుగా చేసుకున్నారని దైవప్రవక్త (స) తన ప్రభువుకు మొర పెట్టుకోవడం సూరె అల్ ఫుర్ఖాన్ (25:30)లో ఉంది. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టిన గ్రంథం సురక్షితంగానే ఉంటుంది. యోషీయా కాలానికి ముందు దేవాలయంలోని గ్రంథం కూడా అలాగే సురక్షితంగా ఉంది.

గ్రంథప్రజలతో అత్యుత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని సూరె అల్ అన్‌కబూత్ (29:46) ఆజ్ఞ. గ్రంథప్రజలు తౌరాతును హీబ్రూలో చదివి అరబీలో వివరిస్తుంటే, వారిని నమ్మనూ వద్దు, అబద్ధమనీ అనవద్దు అని దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ హదీసు. ఈ రెండు ఆజ్ఞలను పాటించదలచినవారు యిర్మీయా 8:8తో సంభాషణ ముగించరు. ఆ పుటలు తిప్పి 36వ అధ్యాయం కూడా పొరుగు క్రైస్తవునితో కలిసి చదువుతారు. లేఖకుని కలాన్ని నిందించిన ప్రవక్తే లేఖకుని చేత తిరిగి రాయించాడని అతనితో చెప్పగలుగుతారు. వ్రాతలో తప్పు దొర్లగలదని ఆ గ్రంథమే ఒప్పుకున్న నిజాయితీని గౌరవిస్తూ, ఖుర్ఆన్ తనను గురించి ఏం చెబుతున్నదో వినిపించగలుగుతారు. అందుకు ముందుగా రెండు గ్రంథాలనూ చదవాలి, తమ గ్రంథాన్ని మరింత శ్రద్ధతో చదవాలి. బైబిలులోని గ్రంథాల కథ తెలుగు ముస్లిం పాఠకునికి చూపుతున్న మొదటి కర్తవ్యం ఇదే.